నడుము దాకా లేచిన షట్టరు

పూలబజారులో పొద్దున పదింటికి
మెడలో కార్డు, చేతిలో ట్యాబు,
ఆ పిల్ల అంగడంగడికీ ఎక్కి దిగుతాంది.
"రాబోయే ఆరు నెలల్లో వ్యాపారం
పెరుగుతుందా, తగ్గుతుందా, ఇట్లే ఉంటుందా?
ఒకటి నుంచి అయిదు దాకా ఏదో ఒక అంకె చెప్పండి సార్."

నేను స్టీలు సామాన్ల అంగడి ముందర
నిచ్చెన మీదుండా.
షట్టరు డబ్బాలో తల దూర్చి
స్ప్రింగుకు గ్రీజు పూస్తాండా.
పైనున్నోనికి అన్నీ ఇనపడతాయి.

బట్టలంగడి రంగనాథశెట్టి నాలుగన్నాడు.
కొడుక్కి పిల్లను చూస్తాండారులే,
ఇప్పుడు ఒకటంటే ఆ మాట ఆదోని దాకా పోతుంది.
ఎరువుల ఉరుకుందప్ప ఒకటన్నాడు,
మెడలో కార్డు చూసి జీఎస్టీ మనిషనుకొని.
ఫైనాన్సు వసూలు పిల్లోడు పక్కనే నిలబడుంటే
సెల్‌ఫోన్ల దస్తగిరి నోరే ఇప్పలేదు.
వేళ్ళు చూపించినాడు,
మూడో, రెండున్నరో.

ఒక్కో మనిషి దగ్గర మూడు అంకెలుంటాయి తల్లీ.
గల్లాపెట్టె పైన ఒకటి, కింద ఒకటి,
రాత్రి లైటార్పినాక పెండ్లానికి చెప్పేది ఒకటి.
నీ ట్యాబులో గడి ఒక్కటే గదా.

నన్నడిగింటే చెప్పుదును.
ముప్పై ఏండ్లుగా కర్నూలు రేకుల్ని ఎత్తీ దించీ
గూడలరిగినోణ్ణి.
ఏడింటికే షట్టరు లేస్తే బాకీ ఉన్నట్టు.
పదకొండైనా లేవకుంటే ఇంకా పెద్ద బాకీ.
రాత్రి సగం దించి, లోపల లైటేసుకొని కూచుంటే
లెక్క కుదరనట్టు.
"మోటారు పెట్టు మద్దిలేటీ, బటన్ నొక్కితే లేయాల"
అన్నోని కాంప్లెక్సు పునాది
నంద్యాల చెక్‌పోస్టు పక్క ఒక పుకారు మీదుంటాది.
ఆ పుకారు లేచినప్పుడల్లా
నాకు నాలుగు మోటార్ల పని.
చల్లారినాక
వాటిని ఊడబెరికేదీ నేనే, సగం కూలీకి.

ఇంగొకటుంది. ఎవురికీ చెప్పలేదు.
హంద్రీ తుంగభద్రా ఒక్కటై ఊళ్ళోకొచ్చిన ఏడు
వన్‌టౌనంతా మోకాళ్ళ దాకా బురద.
ఉబ్బిన బియ్యం మూటలు, రంగు దిగిన పట్టుచీరలు
రోడ్డు మీద కుప్పలు.
వంకరపోయిన షట్టర్ల ముందు శెట్లు
నా కోసం వరసలో నిలబడినారు,
పేర్లు పెట్టి పిలిచేటోళ్ళు, "అన్నా" అన్నారు.
ఆ రెండు నెలల్లో
జన్మలో చూడనంత డబ్బు చూసినా.
మా ఇంటి స్లాబు ఆ బురదే.
అప్పుడెవురన్నా ట్యాబు పట్టుకొని వచ్చింటే
అయిదని చెప్పాల్సొచ్చేది.
ఏ నోటితో చెప్తా?

నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటాంటే
ఆ పిల్ల నా పక్క చూసింది.
"మీకు షాపుందా అంకుల్?"
మోపెడ్డుంది. గ్రీజు డబ్బా ఉంది.
"అయితే మీరు లెక్కలోకి రారు" అని
నీళ్ళసీసా మూత తిప్పుకుంటా
నీడ ఉన్న పక్కకు నడిచింది పాపం.
దానికీ రోజుకిన్ని ఫారాలని ఉంటాది గదా,
దాని యాపారమెట్లుందో
ఎవురడుగుతారు.

పొద్దు గూకేటప్పుడు ఖాజావలి ఫోను.
పోయిన రంజాన్ నుంచీ మూసిన చెప్పులంగడి.
"తాళం తుప్పు పట్టింది మద్దిలేటన్నా, కోసెయ్యాల.
స్ప్రింగు కొత్తదొద్దు, పాతదాన్నే సర్దు.
పూరా లేవకున్నా మేలే,
మనిషి వంగి దూరేంత లేస్తే సాలు."

కోసినా.
ఎత్తితే ముందు అరిచింది, మొరాయించింది,
నడుము దాకా వచ్చి నిలబడింది.
లోపల చీకటి, అట్టపెట్టెల్లో ఎలకల వాసన,
కిటికీలో ఎండకు ఒక పక్కే వెలిసిన జోడొకటి.
ఖాజావలి వంగి లోపలికి పోయినాడు.
చీపురు చప్పుడు.
కూలీ మాటెత్తకముందే, లోపల్నుంచే,
"పై నెల" అన్నాడు.

నిచ్చెన భుజానికెత్తుకున్నా.
ఏ పై నెలో అడగలేదు.